షుగరు ఉన్నవారి కిడ్నీ జీన్ టెస్టు కిట్: ఎవరికి అక్కరకొస్తుంది, ఎవరికి రాదు

షుగరు ఉన్నవాళ్లకు కిడ్నీ జబ్బు వచ్చే అవకాశమెంతో జన్యువుల్లో చూసి చెబుతామని ఇంటికి పంపే ఉమ్మి కిట్లు ఇవి. మూత్రంలో ఆల్బుమిన్ (కిడ్నీ దెబ్బతింటే మూత్రంలోకి జారే ప్రొటీన్) పరీక్ష ఇంకా చేయించుకోనివారు వీటి జోలికి పోనక్కర్లేదు. ముందు ఆ పరీక్షే చేయించుకోవాలి.

శాంపిల్ పాడయ్యేది ఎక్కువగా తొందరపాటు వల్లే. అరగంట ముందు నుంచి తినడం, తాగడం, పొగ తాగడం మానాలి. గొట్టం మీద గీత దాకా, సుమారు 2 మిల్లీలీటర్ల ఉమ్మి పట్టాలి. నురగ లెక్కలోకి రాదు. నురగ గీతను తాకగానే మూత బిగిస్తే డీఎన్ఏ చాలదు, మళ్లీ మొదటికొస్తుంది. మూతలోని ద్రవం పూర్తిగా కిందికి దిగాక బాగా ఊపాలి, లేకపోతే దారిలోనే డీఎన్ఏ చెడుతుంది.

అసలు చిక్కంతా రిపోర్టు చదవడంలోనే ఉంది. ఏసీఈ జన్యువు దగ్గర 'డీడీ' (రెండు కాపీలూ డీ రకమే) అని కనబడితే కంగారు పడొద్దు. దాని ప్రభావం చిన్నది, అదొక్కటే చూసి ఎవరి కిడ్నీ గురించీ చెప్పలేం. 2010లో బయటపడిన, ఏపీఓఎల్1 అనే జన్యువులోని జీ1, జీ2 రకాలు మాత్రం బలమైనవే. అయితే అవి ప్రధానంగా పశ్చిమ ఆఫ్రికా మూలాలున్నవారిలో కనిపిస్తాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే ముప్పు బాగా పెరుగుతుంది. సీఓఎల్4ఏ3 అనే జన్యువులోని ఒక మార్పు టైప్ 1 షుగరు వారి కిడ్నీకి కొంత రక్షణ ఇస్తుందని, దాదాపు 20 వేల మందిని పరిశీలించి 2019లో తేల్చారు. కిడ్నీ వడపోత పొరలోని కొల్లాజెన్ అనే ప్రొటీన్‌కు ఈ జన్యువే ఆధారం. దాన్ని టైప్ 2 వారికీ ధైర్యవచనంగా రాసిచ్చే రిపోర్టును నమ్మొద్దు. అన్నీ కలిపి ఒకే ముప్పు స్కోరు ఇస్తే, ఏ ప్రజల డేటాతో కట్టారో అడగండి. ఇలాంటి స్కోర్లలో ఎక్కువ భాగం యూరప్ మూలాలున్నవారి డేటాతో కట్టినవే. మిగతావారికి గురి తప్పుతుంది.

జన్యుపరీక్ష నిజంగా దారి చూపే సందర్భాలు వేరే ఉన్నాయి. చిన్న వయసులోనే షుగరు, దానితోపాటు కిడ్నీలో నీటితిత్తులు ఉంటే హెచ్ఎన్ఎఫ్1బీ అనే జన్యువు లోపాన్ని అనుమానించాలి. తల్లివైపు షుగరూ చెవుడూ కలిసి వస్తుంటే మైటోకాండ్రియా డీఎన్ఏ (తల్లి నుంచే వచ్చేది) చూడాలి. హెచ్ఎన్ఎఫ్1బీ కేసుల్లో దాదాపు సగంలో జన్యువు మొత్తమే లోపించి ఉంటుంది. ముందే ఎంచుకున్న కొన్ని చోట్లనే చదివే చౌక కిట్‌కు అది చిక్కదు. డాక్టరు రాసే పూర్తి పరీక్షే కావాలి.

తోబుట్టువుకు షుగరు వల్ల కిడ్నీ చెడిందంటే, ఏ కిట్టూ లేకుండానే మీ ముప్పు ఎక్కువని అర్థం. అలాంటివారు ఏటా తెల్లవారి మొదటి మూత్రంలో ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి, రక్తంలో ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ ఎంత బాగా వడపోస్తోందో చెప్పే అంకె) చూపించుకోవాలి. ఆ నిష్పత్తి 30 మి.గ్రా./గ్రా. దాటితే 3 నుంచి 6 నెలల్లో మళ్లీ చేయించాలి, మూడుసార్లు చేస్తే కనీసం రెండుసార్లు ఎక్కువొస్తేనే లెక్క. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, నెలసరి ఉన్నప్పుడు, గట్టి వ్యాయామం చేసిన మర్నాడు శాంపిల్ ఇవ్వకండి. కిడ్నీ బాగున్నా అంకె పైకి చూపిస్తుంది.