స్లగ్ కోసం సెకండ్‌హ్యాండ్ షాట్‌గన్ కొంటున్నారా? ముందు బోర్ ఎంతో అడగండి

అమెరికాలోని ఒహాయోలో థాంక్స్‌గివింగ్ తర్వాతి సోమవారం నుంచి డీర్ గన్ సీజన్, అంటే తుపాకీతో జింకల వేట. కొత్తగా హంటింగ్ లైసెన్స్ తీసుకున్న మనవాళ్ళు పాత షాట్‌గన్‌ల కోసం కొట్ల చుట్టూ తిరిగే రోజులివి. 2014 నుంచి స్ట్రెయిట్-వాల్ (మెడ సన్నబడకుండా తిన్నగా ఉండే) తూటాల రైఫిళ్ళకి అనుమతి వచ్చినా, తక్కువలో పనైపోతుందని షాట్‌గన్ వైపే చూసేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళకోసమే ఇది. స్లగ్ అంటే చిన్న పెల్లెట్లకి బదులు తూటాలో ఉండే ఒకే పెద్ద సీసం ముద్ద. బోర్ అంటే గొట్టం లోపలి వ్యాసం, గేజ్ దాని సైజు. "ట్వెల్వ్ గేజే కదా, స్లగ్ దర్జాగా కొట్టుకోవచ్చు" అని కౌంటర్ వెనక నుంచి ఎవరైనా అంటే నమ్మకండి. సరిగ్గా ఆ మాటే చెప్పి నాకు ఒకటి అంటగట్టారు.

అది మాస్‌బర్గ్ 835. ముందే చెప్తున్నా, తుపాకీలో ఏ తప్పూ లేదు. టర్కీ కోళ్ళకీ, బాతులకీ బ్రహ్మాండంగా పనికొస్తుంది. మూడున్నర అంగుళాల పెద్ద తూటా కోసం తయారైన మోడల్ అది. పెల్లెట్లు నలగకుండా, ఒత్తుగా వెళ్ళాలని బ్యారెల్ లోపల 0.775 అంగుళాలకి తొలిచారు. మామూలు 12 గేజ్ బోర్ 0.729. అంటే తూటా 12 గేజ్‌ది, గొట్టం మాత్రం 10 గేజ్ కొలత. డీర్ కోసమని స్పష్టంగా చెప్పి అడిగినా కొట్టువాడు ఈ సంగతి ఎత్తలేదు. పైగా తనే వెళ్ళి షెల్ఫ్‌లోంచి రైఫిల్డ్ స్లగ్‌ల డబ్బా తెచ్చి బిల్లులో కలిపాడు.

రేంజ్‌లో 50 గజాల దగ్గర కాగితం మీద పడ్డవి గుండ్రటి చిల్లులు కావు. ఒకటి నిలువుగా చీలిక. ఇంకోదాంట్లో స్లగ్ పక్కవాటు ఆకారం అచ్చు గుద్దినట్టు దిగింది. అంటే స్లగ్ పల్టీలు కొడుతూ వెళ్తోంది. మిగతావి అసలు కాగితానికే తగల్లేదు. పక్క బెంచీ పెద్దాయన లేచొచ్చి బ్యారెల్ మీద అక్షరాలు చదివి, "ఇది ఎనిమిది ముప్పై అయిదు కదయ్యా, దీంట్లో స్లగ్గా?" అని ఆపించాడు. ఇంటికొచ్చి మాన్యువల్ తీస్తే, ఈ ఓవర్‌బోర్ (మామూలుకన్నా వెడల్పుగా తొలిచిన) బ్యారెళ్ళలో స్లగ్ వాడొద్దని కంపెనీవాళ్ళే రాశారు.

ఎందుకంటే, మామూలు ఫాస్టర్ స్లగ్‌కి (కొట్టువాడిచ్చిన రైఫిల్డ్ స్లగ్ ఈ రకమే) ముక్కు బరువు, వెనక డొల్ల. చుట్టుకొలత గొట్టానికి సరిపోతేనే గ్యాస్ వెనక నుంచి సమంగా తోస్తుంది. ఇక్కడ స్లగ్‌కీ గోడకీ మధ్య మొత్తం మీద ఒక మిల్లీమీటరు పైనే సందు. గ్యాస్ పక్కల నుంచి తోసుకుపోతుంది, స్లగ్ గంటలో నాలుకలా అటూ ఇటూ కొట్టుకుంటుంది. మెత్తటి సీసం కాబట్టి వెనక అంచు ఒకవైపు ఎక్కువ ఉబ్బొచ్చు. అలా వంకర తిరిగిన ముద్ద కొసన ఇరుకైన చోక్‌లోకి (గొట్టం చివర బిగించే ముక్క) దూరాలి. గురి తప్పడం ఒక ఎత్తు, చోక్‌కీ బ్యారెల్ కొసకీ దెబ్బ తగలడం ఇంకో ఎత్తు. జింక విషయంలో చూస్తే, చావని గాయంతో అది అడవిలో పడి పారిపోవడమే.

వెనక్కి తీసుకెళ్తే "వాడిన సరుకు, వాపసు లేదు" అన్నాడు. ఆ తర్వాత సిలిండర్ చోక్ (ఇరుకు చెయ్యని చోక్) బిగిస్తే సరిపోతుందని అదీ అమ్మజూశాడు! చోక్ అనేది కొసన ఉండే చిన్న ముక్క. దాని వెనకున్న అంత పొడుగు గొట్టం దానివల్ల సన్నబడదు. ఈ మాట తుపాకులు అమ్మేవాడికి తెలియదంటే నేను నమ్మను.

కాలిపర్ పట్టుకెళ్ళి మూతి దగ్గర కొలుద్దామనుకుంటే మోసపోతారు. అక్కడ మీకు దొరికేది చోక్ కొలత, బోర్ కొలత కాదు. చోక్ విప్పి కొలిచినా మరలున్న చోటే తగులుతుంది. బోర్ గేజ్ లోపలికి దింపి చూడాలి. ఆ పని గన్‌స్మిత్ నిమిషాల్లో చేస్తాడు. అది కుదరకపోతే బ్యారెల్ మీద మోడల్ పేరు చదివి, కౌంటర్ దగ్గరే నిలబడి ఫోన్‌లో ఆ మోడల్ మాన్యువల్ తెరవండి. ఓవర్‌బోర్, బ్యాక్‌బోర్ అనే మాటలు కనిపిస్తే ఆగండి. అవన్నీ ఒక్కలాంటివి కావు. 0.742 దగ్గరున్న బ్యాక్‌బోర్ బ్యారెళ్ళూ ఉన్నాయి, వాటి సంగతి ఆ తయారీదారు రాసిందాన్ని బట్టే.

సేబట్ స్లగ్ (ప్లాస్టిక్ తొడుగులో ఉండే సన్నటి స్లగ్) కొంటే సరిపోతుందని ఎవరో సలహా ఇచ్చారు. అది లోపల గాడులున్న బ్యారెల్ కోసం చేసింది. నున్నటి గొట్టంలో దానికి తిరుగుడు రాదు, డబ్బు దండగ.

835 ఇప్పటికే కొనేసినవాళ్ళు పారేయనక్కర్లేదు. దానికి గాడులున్న స్లగ్ బ్యారెల్ విడిగా దొరుకుతుంది, సేబట్‌లు అందులో వాడుకోవచ్చు. మాస్‌బర్గ్ 500 బ్యారెల్ చవగ్గా వస్తోంది కదా అని తెచ్చుకోకండి, ఈ రెండు మోడళ్ళ బ్యారెళ్ళు ఒకదానికొకటి మార్చుకునేవి కావు. ఇంకా కొననివాళ్ళు ఆ స్లగ్ బ్యారెల్ ఖరీదు ఎంతో ముందే కనుక్కుని, అది తీసేసి బేరమాడండి.