కరెంటు పనికి తోలు గ్లౌజులా, రబ్బరు గ్లౌజులా?

బాగా ఎండిన తోలు గ్లౌజుకి మెగ్గర్ (కరెంటుని ఎంత అడ్డుకుంటుందో, అంటే నిరోధం ఎంతో కొలిచే మీటరు) పెడితే రీడింగ్ బాగానే వస్తుంది. మోసమంతా అక్కడే ఉంది. అదే గ్లౌజు రాత్రంతా వానగాలిలో వేలాడితే, చేతికి తడి తగలకపోయినా, తెల్లారేసరికి దాని నిరోధం వేల రెట్లు పడిపోవచ్చు. తోలంటే కొల్లాజెన్ నారల అల్లిక. ఆ నారలు గాలిలో తేమని లోపలికి పీల్చుకుంటాయి. తోలు శుద్ధిలో మిగిలిన లవణాలు, మన చెమటలోని ఉప్పు ఆ నీటిలో కరిగి కరెంటుకి దారి వేస్తాయి. అరచేయి వైపు చెమట పట్టీ పట్టీ నల్లబడిన చోటు చూడండి, ఉప్పు చేరేది అక్కడే.

రబ్బరు తేమని దాదాపు పీల్చదు. పైన పట్టిన చెమ్మ గుడ్డతో తుడిస్తే పోతుంది. రబ్బరు గ్లౌజులకి తట్టుకునే వోల్టేజీని బట్టి క్లాసులుంటాయి. క్లాస్ 0 గ్లౌజుని 5,000 వోల్టుల ఏసీతో పరీక్షించి, 1,000 వోల్టుల ఏసీ వరకే వాడతారు. దీని బలహీనత వేరు: తీగ కొన గుచ్చుకుంటే చాలు. అందుకే తొడిగే ముందు ప్రతిసారీ మణికట్టు వైపు నుంచి చుట్టి, లోపల గాలి బిగించి, గాలి కారుతోందేమో బుగ్గ దగ్గర పెట్టి చూడాలి.

తోలు పనికొచ్చేది ఆ రబ్బరుకి పైతొడుగుగానే. ఎంత ఎండినా ఒక్కటే వేసుకుని లైవ్ తీగ ముట్టొద్దు. పైతొడుగు అంచు రబ్బరు అంచు కన్నా పొట్టిగా ఉండాలి: క్లాస్ 0కి కనీసం 13 మి.మీ., క్లాస్ 2కి 51. లేకపోతే చెమ్మెక్కిన తోలు మీదుగా కరెంటు పాకి చేతిని అందుకుంటుంది.

పనయ్యాక రెండూ విడదీసి తోలుని నీడలో ఆరబెట్టండి. నూనె పట్టిన పైతొడుగు పారేయండి, నూనె రబ్బరుని తినేస్తుంది.