రిక్రియేషన్ మేనేజ్‌మెంట్ చదువు: తొమ్మిదేళ్ళు వాడి చూసిన తరువాత

నేను దూరవిద్యలో పర్యాటక శాస్త్రం డిగ్రీ చదివి, అందులో వినోద, విహార సేవల నిర్వహణను ప్రత్యేకాంశంగా తీసుకొని, 2016లో పట్టా అందుకున్నాను. మాది కావలి. ఆ తరువాత సముద్రపు ఒడ్డున ఒక రిసార్టులో మూడేళ్ళు, ఒక వృద్ధాశ్రమంలో రెండేళ్ళు పనిచేసి, ఇప్పుడు నెల్లూరులో ఒక పెద్ద నివాస సముదాయంలోని పార్కు, ఈతకొలను, క్లబ్బు హాలు బాధ్యతలు చూస్తున్నాను. ఈ చదువు ఏమిటి, చేరితే ఉద్యోగం వస్తుందా అని ఇంటర్మీడియట్ పూర్తిచేసిన పిల్లల తల్లిదండ్రులు నన్ను తరచూ అడుగుతుంటారు. గేటు దగ్గర నిలబడి రెండు మాటల్లో చెప్పగలిగిన జవాబు కాదు కనుక, ఇందులో ఏది ఇన్నేళ్ళూ అక్కరకు వచ్చిందో, ఏది పరీక్ష హాలులోనే మిగిలిపోయిందో వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం తెలిసి ఉండాలి. అమెరికా, కెనడా వంటి దేశాల్లో పార్కులు, వినోద సేవల నిర్వహణకు విడిగా డిగ్రీలు ఉన్నాయి. మన దగ్గర అది ఎక్కువగా పర్యాటకం, హోటల్ మేనేజ్‌మెంట్, వ్యాయామ విద్య కోర్సుల్లో ఒక పాఠంగానో రెండు పాఠాలుగానో కలిసి ఉంటుంది. అందువల్ల బోర్డు మీది పేరు చూసి చేరకుండా, సిలబస్ కాగితం అడిగి తీసుకొని చదవాలి. 1983లో ఏర్పడి, ఇప్పుడు గ్వాలియర్ ప్రధాన కేంద్రంగా ఉన్న భారతీయ పర్యాటక, ప్రయాణ నిర్వహణ సంస్థకు నెల్లూరులో ప్రాంగణం ఉంది. దానికే చెందిన జాతీయ జలక్రీడల సంస్థ గోవాలో లైఫ్‌గార్డు శిక్షణ, పడవ నడిపే శిక్షణ ఇస్తుంది. నేను చదివింది వీటిలో కాదు. ఇల్లు వదిలి వెళ్ళే వీలు లేక దూరవిద్యను ఎంచుకున్నాను కాబట్టి, ఇక్కడ చెప్పే లోపాలన్నీ నేను చదివిన ఆ కోర్సువే.

మొదటి ఏడాదిలో ఇచ్చిన ఒక అసైన్‌మెంటును నేను నేటికీ మరువలేదు. ఇంట్లోని వారందరూ వారం రోజుల పాటు ఏ సమయాన ఏం చేస్తున్నారో, అరగంటకొక గడి చొప్పున గీసి నింపాలి. నాన్న కాగితంలో సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా ఏకధాటిగా తీరిక కనిపించింది: అరుగు, పేపరు, టీ కొట్టు. అమ్మ కాగితంలో తీరిక అని రాయడానికి ఒక్క గడి దొరకలేదు. మధ్యాహ్నం మూడింటికి కాసేపు నడుం వాలుస్తావు కదమ్మా అని అడిగితే, "అప్పుడే కదా కొళాయి నీళ్ళొచ్చేది" అంది. పది నిమిషాల గడులు గీసి మళ్ళీ మొదలుపెట్టాను. అప్పుడు పూలు కట్టుకునే పది నిమిషాలు, పక్కింటి పిన్నితో గోడ మీదుగా మాట్లాడే పావుగంట, టీవీ ముందు కూర్చొని చిక్కుడుకాయల ఈనెలు తీసే అరగంట బయటపడ్డాయి. ఆ చివరి అరగంటను పని కింద రాయాలో, విశ్రాంతి కింద రాయాలో ఆ రాత్రి నేను తేల్చుకోలేకపోయాను. తరువాతి కాలంలో, జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వే ఫలితాలు చూశాను. జీతం లేని ఇంటి పనికి, ఆ పని చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు అందులో ఉంది; 2024 సర్వే నాటికి ఆ అంకెలు 289, 88 అయ్యాయి. అమ్మ గడుల కాగితం దాచుకున్న నాకు ఆ అంకెలేవీ కొత్తగా అనిపించలేదు.

నెల్లూరు ఉద్యోగంలో చేరినప్పుడు మా పార్కును ఉదయం ఐదు నుంచి ఎనిమిది వరకు, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది వరకు తెరిచేవారు. ఆ రెండు వేళల్లోనూ ఇల్లాళ్ళు వంటింట్లో ఉంటారు. ఆడవాళ్ళకు పార్కు మీద ఆసక్తి లేదని కమిటీ పెద్దలు మనస్ఫూర్తిగా నమ్మేవారు. నేను నలభై ఇళ్ళకు గడుల కాగితాలు పంచి, వారం తరువాత తెచ్చి చూస్తే, పిల్లలు స్కూలు బస్సు ఎక్కాక ఒక గంట, రాత్రి భోజనాలయ్యాక ఒక గంట చాలామందికి వీలుగా ఉన్నట్టు తేలింది. కరెంటు ఖర్చు పెరుగుతుందని కమిటీ సందేహించింది. నాలుగు దీపాలతో ఒక నెల మాత్రం తెరిచి చూద్దామని ఒప్పించి, రోజూ రాత్రి వచ్చినవారి తలలు లెక్కపెట్టి పుస్తకంలో రాశాను. నెలాఖరున ఆ పుస్తకం చూశాక వేళలు శాశ్వతంగా మారాయి. ఆ కోర్సుకు నేను కట్టిన ఫీజు ఈ ఒక్క పాఠంతోనే తీరిపోయిందని భావిస్తాను.

సిద్ధాంత పాఠాల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. 'స్కూలు' అనే మాట తీరిక అనే అర్థమున్న గ్రీకు పదం నుంచి పుట్టిందని, 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 24వ అధికరణంలో విశ్రాంతిని, తీరికను హక్కుగా పేర్కొన్నదని, పిల్లల ఆట హక్కు 1989 బాలల హక్కుల ఒప్పందం 31వ అధికరణంలో ఉందని, భారతదేశం 1992లో ఆ ఒప్పందంలో చేరిందని బట్టీ పట్టాను. వాటిలో 31వ అధికరణం ఒక్కసారి ఉపయోగపడింది. పిల్లల ఆటస్థలాన్ని కార్ల పార్కింగుగా మార్చాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు దానిని తెలుగులో రాసుకొని సమావేశంలో చదివాను. స్థలమంతా పోకుండా సగం మిగిలింది.

ఆ మిగిలిన సగంలో నేను ప్రతి సోమవారం ఉదయం చేసే తనిఖీ పూర్తిగా ఈ చదువు పెట్టిన భిక్షే. ఆటస్థలాల భద్రతకు అమెరికా వినియోగదారుల భద్రతా సంఘం చెప్పిన కొలతలు మా పాఠంలో ఉండేవి. మెట్ల మధ్యగాని, కటకటాల మధ్యగాని ఉన్న సందు 3.5 అంగుళాల కన్నా ఎక్కువ, 9 అంగుళాల కన్నా తక్కువ ఉంటే పిల్లవాడి ఒళ్ళు దూరి తల ఇరుక్కునే ప్రమాదం ఉంది. వడ్రంగి చేత ఆ రెండు కొలతలకు రెండు చెక్కముక్కలు చేయించుకున్నాను. చిన్నది దూరి, పెద్దది దూరని సందు ఎక్కడ కనబడితే అక్కడ సుద్దతో గుర్తు పెట్టి, వెల్డింగు చేసే మనిషిని పిలిపిస్తాను. ఉయ్యాల గొలుసు పైకొక్కెం నోరు 1 మిల్లీమీటరు కన్నా ఎక్కువ తెరుచుకొని ఉండకూడదు. జారుడుబల్ల కింద వేసిన ఇసుక 9 అంగుళాల మందం ఉన్నా, 4 అడుగుల ఎత్తు నుంచి పడిన దెబ్బనే ఆపగలదు. మన దగ్గర 7 అడుగుల జారుడుబల్ల పెట్టి, కింద నాలుగు తట్టల ఇసుక పోసి చాలించుకుంటారు. రేకు జారుడుబల్ల ముఖం ఉత్తరానికి ఉండాలన్న సూచనను నేను మొదట్లో పట్టించుకోలేదు. రోహిణి కార్తెలో పడమటి ముఖంగా ఉన్న మా జారుడుబల్ల మీద సాయంత్రం ఐదు గంటలకు చెయ్యి పెట్టి చూశాక, మర్నాడే దానిని విప్పించి వేపచెట్టు నీడకు తిప్పించాను.

రిసార్టులో ఉపయోగపడినది, ఒక చోటు ఎంతమందిని భరించగలదో చెప్పే లెక్క. 200 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు గల ఇసుక తీరం 6,000 చదరపు మీటర్లు. మనిషికి 10 చదరపు మీటర్ల చొప్పున ఒక్కసారికి 600 మంది పడతారు. రోజుకు ఆరు గంటలు తెరిచి, ఒక్కొక్కరు రెండు గంటలుంటే 1,800 మంది అవుతారు. ఇది పైలెక్క మాత్రమే. ఇందులో నుంచి ఎండ మాడ్చే గంటలను, పోటు వచ్చినప్పుడు మునిగిపోయే ఇసుకను తీసివేసి, చివరగా వచ్చినవారిని కనిపెట్టి చూసుకునేవారు ఎందరున్నారో లెక్కించాలి. మా దగ్గర ఈత వచ్చిన కాపలాదార్లు ఇద్దరే. ఆ ఇద్దరి కళ్ళకు ఆనినంతమందే మా అసలు సంఖ్య. కార్తీక మాసపు ఆదివారాల్లో వనభోజనాలకు వచ్చే బస్సులు చూసి యజమానులకు ఉత్సాహం కలిగేది గాని, ఆ లెక్క కాగితం గోడకు అంటించినందువల్లనే, స్నానానికి విడతలు పెట్టడానికి నేను వారిని ఒప్పించగలిగాను.

అయితే సముద్రం గురించి ఆ కోర్సు నాకు దాదాపు ఏమీ నేర్పలేదు. ప్రమాదాన్ని 10 సెకన్లలో గుర్తించి, తరువాతి 20 సెకన్లలో చేరుకోవాలన్న సూత్రం ఈతకొలనుకు సరిపోతుంది. అలలు విరిగి నురగలెత్తే చోటు కన్నా, రెండు నురగల నడుమ నీళ్ళు కొంచెం ముదురు రంగులో, కదలికే లేనట్టు కనిపించే చోటే మనిషిని లోపలికి లాగేస్తుందని నాకు చూపించింది మైపాడు వైపు నుంచి వచ్చే ఒక మత్స్యకార పెద్దాయన. "ఆడ నీళ్ళు నిమ్మళంగా ఉండాయని ఎవురినీ దిగనీబాకమ్మా, అది సముద్రం తిరిగిపొయ్యే దోవ" అన్నాడు. ఆ ప్రవాహంలో చిక్కినవారు ఒడ్డు వైపు ఎదురీదక, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలన్నది ఆ తరువాత లైఫ్‌గార్డుల శిక్షణ తీసుకున్నప్పుడు నేర్చుకున్నాను. ఎరుపు, పసుపు రంగుల జెండాలు రెండు పాతి వాటి మధ్యే దిగమని చెప్పడం, లాగే దోవ మారినప్పుడల్లా ఆ జెండాలను మార్చి పాతడం మా దినచర్య అయింది. సముద్రపు జిల్లాల్లో ఈ పనికి వచ్చేవారు డిగ్రీతో పాటు ఈ శిక్షణ తప్పనిసరిగా పొందాలని నా గట్టి అభిప్రాయం.

నా అసంతృప్తి ఎక్కువగా ఉదాహరణల విషయంలోనే. పుస్తకాలన్నీ ఇంగ్లీషులో, ఉదాహరణలన్నీ మంచు మీద జారే ఆటల్లో, విదేశీ ఉద్యానాల్లో ఉండేవి. మొహర్రం వేళ నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువు ఘాట్లలో అంతమంది దిగి, కోరుకున్న రొట్టె పట్టుకొని తిరిగి వెళ్ళే తీరును మించిన పాఠం జనసమూహ నిర్వహణకు ఏముంటుంది? ఒంగోలు ప్రాంతపు బండలాగుడు పోటీల్లో బరికి, జనానికి మధ్య ఎంత ఎడం ఉండాలో నిర్ణయించడం కూడా ఈ శాస్త్రమే. ఇవేవీ సిలబస్‌లో లేవు. సొంతంగా వెళ్ళి, నిలబడి, చూసి నేర్చుకున్నాను.

రెండవ ఫిర్యాదు శిక్షణ, ఉద్యోగాల గురించి. మూడు నెలల శిక్షణ కోసం పొరుగు రాష్ట్రంలోని ఒక వినోద పార్కుకు పంపారు. మొత్తం మూడు నెలలూ టికెట్ కౌంటరులో చిల్లర లెక్కపెట్టించారు, ఒక్క ఆట యంత్రం తనిఖీ కూడా చూపించలేదు. చివర్లో ఇప్పిస్తామన్న ఉద్యోగమేమో, ఫోన్లు చేసి విహార సభ్యత్వాలు అమ్మే పని. ఏడాదికి వారం సెలవు గడపడానికి పాతికేళ్ళ వాయిదాలు కట్టమని, తీరికే లేనివారికి నచ్చజెప్పాలి. పదకొండు రోజులకు మానేశాను. చేరే ముందు, శిక్షణలో ఏ విభాగాల్లో ఎన్ని రోజులు పని చేయిస్తారో రాతపూర్వకంగా అడగండి.

వృద్ధాశ్రమంలో గడిపిన రెండేళ్ళు మాత్రం ఈ వృత్తిపై నా గౌరవాన్ని పెంచాయి. కార్యక్రమం పెట్టే ముందు ఆ మనిషి గతంలో ఏం చేసేవాడో, ఇప్పుడు ఏం చేయగలడో తెలుసుకోవాలని, ఆ తరువాతే ప్రణాళిక వేసి, అమలు చేసి, ఫలితం చూసుకోవాలని చికిత్సాపరమైన వినోదం పాఠం చెబుతుంది. అష్టాచెమ్మా, వామనగుంటలు, తంబోలా ఏది పెట్టినా ఒక తాత మంచం దిగేవాడు కాదు. "పిల్లకాయల ఆటలు నాకెందుకమ్మా" అని అటు తిరిగి పడుకునేవాడు. నేను పాఠంలో చెప్పిన మొదటి మెట్టును దాటేశానని గ్రహించి, ఒకరోజు కుర్చీ వేసుకొని కూర్చొని, వయసులో ఏం చేసేవారని అడిగాను. పందెపు ఎడ్లు మేపేవాడట. ఏ వయసులో కాడి ఎత్తాలో, ఉలవలు ఎంతసేపు నానాలో చెబుతూ లేచి కూర్చున్నాడు. ఆశ్రమం వెనుక వీధిలో ఉన్న పశువుల కొట్టం వారితో మాట్లాడి, రోజూ సాయంత్రం ఆయనను అక్కడికి నడిపించుకెళ్ళే ఏర్పాటు చేశాను. మొదటి వారం చేయి పట్టుకొని నడిచాడు. నెల తిరిగేసరికి నేను ఆలస్యమైతే కర్ర పట్టుకొని గేటు దగ్గర నిలబడేవాడు.

ఇక జీతం సంగతి. నేను నెలకు 9,000 రూపాయలతో మొదలుపెట్టి, తొమ్మిదేళ్ళకు 34,000కు చేరాను; పండుగలు, ఆదివారాలు, వేసవి సెలవులు ఇతరులకు తీరిక వేళలు కాబట్టి మనకు పని వేళలు. ఇంట్లో వారు దీనికి ముందే సిద్ధపడాలి. రిసార్టులు, క్లబ్బులు, వినోద పార్కులు, ఈతకొలనులు, నివాస సముదాయాలు, వృద్ధాశ్రమాలు మన చుట్టుపక్కల పనిచ్చే చోట్లు. డిగ్రీ ఒక్కటే చూపించి అడిగితే ముందు వరుస కౌంటరులో కూర్చోబెడతారు. దానికి ప్రథమ చికిత్స, లైఫ్‌గార్డు ధ్రువపత్రాలు జత చేస్తే బాధ్యత గల పని ఇస్తారు. మనుషులతో విసుగు లేకుండా మాట్లాడగలిగి, రోజూ లెక్కలు రాసే ఓపిక ఉన్నవారికి నేను ఈ చదువును నిస్సంకోచంగా సూచిస్తాను. చేరాలా వద్దా అని తేల్చుకోలేని పిల్లలకు, దరఖాస్తు పెట్టే ముందు ఇంట్లో వారందరికీ వారం రోజుల గడుల కాగితం ఒకటి నింపి తెమ్మని చెబుతున్నాను. ఇప్పటికి ముగ్గురు తెచ్చారు. ముగ్గురూ అరగంట గడులే గీశారు. వారిలో ఒక అమ్మాయి మాత్రం, వాళ్ళ అమ్మ వరుస నిండడం లేదని, చిన్న గడులు గీసుకొని రావచ్చా అని అడిగింది.