బాత్రూమ్ అద్దం దగ్గర లైటు: పక్కన మేలా, పైన మేలా, అద్దంలోనే ఉంటే మేలా?

సీలింగ్ మధ్యలో ఒకే ఒక్క డౌన్‌లైటు ఉన్న బాత్రూమ్‌లో గడ్డం గీసుకుంటే దవడ కింద నాలుగు వెంట్రుకలు మిగిలిపోవడం మామూలే. నడినెత్తి మీద నుంచి పడే వెలుగు కళ్ల కింద, ముక్కు కింద, చుబుకం కింద నీడలు వేస్తుంది. వాట్లు పెంచితే నుదురు మెరుస్తుంది, నీడ మాత్రం అక్కడే ఉంటుంది. అందుకని వాష్‌బేసిన్ అద్దానికి విడిగా లైటు కావాలి. దానికి దారులు మూడు: అద్దానికి చెరోపక్కా వాల్ లైట్లు, అద్దం పైన అడ్డంగా పొడుగు లైటు, ఎల్‌ఈడీ అమర్చిన అద్దం.

చోటుంటే పక్క లైట్లే మేలు. ఒకవైపు లైటు వేసిన నీడను రెండోవైపు లైటు చెరిపేస్తుంది కాబట్టి ముఖమంతా సమంగా కనిపిస్తుంది. లైటు మధ్యభాగం పూర్తయిన నేల నుంచి 60–66 అంగుళాల ఎత్తులో, అంటే నిలబడ్డవాళ్ల కళ్లకు కాస్త అటూఇటూగా ఉండాలి. రెండు లైట్ల మధ్య ఎడం 28 నుంచి 36 అంగుళాలు. అంతకు మించితే వెలుగు గోడకు పడుతుంది గానీ ముఖానికి చాలదు. చిన్న గ్లోబు కంటే నిలువుగా 18–24 అంగుళాలుండే ట్యూబు ఆకారం నయం. ఇంట్లో పొట్టివాళ్లకూ పొడుగువాళ్లకూ ఒకేలా పనికొస్తుంది. గాజు పాలతెలుపుదే తీసుకోండి. లోపలి ఫిలమెంటు కనిపించే పారదర్శక గాజు ఫొటోలో అందంగా ఉంటుంది, రోజూ పొద్దున్నే కళ్లలో గుచ్చుతుంది.

పక్క లైట్లు చెడేది ఎక్కువగా వైరింగ్ దశలోనే. పాయింటు ఎత్తు గుర్తుపెట్టే రోజుకి నేల ఇంకా కాంక్రీటు మీదే ఉంటుంది; తర్వాత మాలు, టైల్స్ కలిపి రెండు మూడు అంగుళాలు పైకొస్తుంది. పూర్తయిన నేల మట్టం గోడ మీద గీసుకుని, అక్కడి నుంచి కొలవాలి. ఇంకో సంగతి: అన్ని లైట్లకీ వైరు దూరే చోటు సరిగ్గా మధ్యలో ఉండదు. కొన్నిటికి వెనక ప్లేటు అడుగున ఉంటుంది. అలాంటి దానికి 63 అంగుళాల దగ్గర పాయింటిస్తే లైటు మధ్యభాగం 70 దాటి పైకిపోతుంది. కాబట్టి లైటు కొన్నాకే గోడ కొట్టించాలి, గోడ కొట్టించాక లైటు వెతక్కూడదు. అద్దం వెనక అల్మరా ఉంటే తలుపు పూర్తిగా తెరిచినప్పుడు లైటుకు తగులుతుందేమో కూడా చూసుకోండి.

బేసిన్ మూలకు ఆనుకుని ఉండి, ఒకవైపు గోడ అడ్డొస్తే పక్క లైట్ల ఆలోచన మానుకోవడమే మంచిది. ఒక్కవైపు లైటు పెడితే సగం ముఖం వెలుగులో, సగం చీకట్లో ఉంటుంది. దానికంటే పైన పొడుగు లైటు ఎంతో నయం.

పై లైటుకు ఒకే పాయింటు చాలు, వెడల్పాటి అద్దానికి బాగా కుదురుతుంది. పొడవు అద్దం వెడల్పులో ముప్పాతిక వంతు ఉండాలి; ఎంత చిన్నదైనా 24 అంగుళాలకు తగ్గకూడదు. నేల నుంచి 75–80 అంగుళాల ఎత్తు సరిపోతుంది. అద్దం సీలింగ్ దాకా ఉందని లైటును ఇంకా పైకి జరిపితే అది మళ్లీ డౌన్‌లైటే అయిపోతుంది. కిందికి మాత్రమే వెలుగు వదిలే సన్నటి స్పాట్‌ల వరుస వద్దు. ముందువైపు కూడా వెలిగే పాలతెలుపు కవరున్నది, గోడకు నాలుగైదు అంగుళాలు ముందుకొచ్చేది ఎంచుకోండి. చుబుకం కింద కొంచెం నీడ ఎలాగూ మిగులుతుంది. బేసిన్, దాని గట్టు తెల్లగా ఉంటే అక్కడి నుంచి తిరిగొచ్చే వెలుగు ఆ నీడను పల్చబరుస్తుంది. నల్ల గ్రానైట్ గట్టు ఆ సాయం చేయదు.

ఎల్‌ఈడీ అద్దాల్లో రెండు రకాలున్నాయి, కొనేటప్పుడు జనం పొరబడేది ఇక్కడే. వెనక నుంచి వెలిగే రకం అద్దం చుట్టూ గోడ మీద కాంతి వలయం వేస్తుంది. ముఖానికి వచ్చేది తక్కువ. అది అలంకారం. ముఖానికి పనికొచ్చేది అద్దం మీదే మసకగా రుద్దిన పట్టీల్లోంచి ముందుకు వెలిగే రకం, అదీ రెండు నిలువు అంచుల్లోనూ కనీసం ఒక అంగుళం వెడల్పు పట్టీ ఉంటేనే. ఇరుకు బాత్రూమ్‌కి ఇది చక్కటి దారి. ఆవిరి పట్టకుండా వెనక వేడిచేసే ప్యాడ్ కూడా దొరుకుతుంది.

దీని బలహీనత డ్రైవరు, అంటే ఎల్‌ఈడీలకు తగిన కరెంటు అందించే లోపలి పెట్టె. బల్బులా విప్పి మార్చలేం. డ్రైవరు పోతే అద్దం దించాల్సిందే. అందుకే కొక్కేలకు తగిలించే రకం కొనాలి, గోడకు అతికించేయకూడదు. అంచులకు సిలికాన్ పూయాల్సి వస్తే వెనిగర్ వాసన వచ్చే రకం వాడొద్దు. అందులోంచి వెలువడే ఆమ్లం అద్దం వెనక పూతను తినేసి, అంచుల్లో నల్లమచ్చలు తెప్పిస్తుంది. న్యూట్రల్ సిలికాన్ అని అడిగి తీసుకోండి. అద్దం మీద టచ్ బటన్ ఉన్నా గోడకు మామూలు స్విచ్ కూడా ఉంచుకోవడం మంచిది. తడి వేళ్లకు, నీటి చుక్కలకు ఆ బటన్ ఒక్కోసారి తనంతట తానే స్పందిస్తుంది.

ఏ రకం తీసుకున్నా, లైటు రంగు కుదరకపోతే చోటు సరిగ్గా ఉన్నా లాభం లేదు. మామూలు అద్దానికి మొత్తం 1500–2000 ల్యూమెన్లు (లైటు ఇచ్చే వెలుగును కొలిచే లెక్క) చాలు, అంటే పక్క లైట్లు ఒక్కోటి 800 దాకా. రంగును కెల్విన్‌లలో చెబుతారు; అంకె పెరిగేకొద్దీ వెలుగు పసుపు నుంచి నీలి తెలుపు వైపు పోతుంది. అది 3000–4000 కెల్విన్ మధ్య ఉంటే ముఖం సహజంగా కనిపిస్తుంది, 6500లో పాలిపోతుంది. సీలింగ్ లైటు కూడా అదే కెల్విన్‌లో పెట్టండి. డబ్బా మీద సీఆర్‌ఐ, అంటే రంగులను ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే అంకె, 90 పైన ఉందో లేదో చూడండి. సీఆర్‌ఐ 80 ఉన్న బల్బుల్లో చాలావాటికి ఎరుపును చూపించే ఆర్‌9 విలువ సున్నా దరిదాపుల్లో ఉంటుంది. లిప్‌స్టిక్ అసలు రంగు గానీ, చర్మం మీద దద్దురు గానీ వాటి కింద సరిగ్గా తెలియదు.

నీళ్ల సంగతికొస్తే ఐపీ44, అంటే అన్నివైపుల నుంచి చిందే నీళ్లను తట్టుకునే రకం, తీసుకుంటే నిశ్చింత. షవర్‌కి 60 సెంటీమీటర్ల లోపల ఉంటే అది తప్పనిసరి అనుకోండి. సర్క్యూట్‌కి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉండాలి. అన్నివైపులా మూసిన గాజు కవరులో పెట్టే బల్బు అలాంటి కవరుకు పనికొచ్చే రకమేనా అని డబ్బా మీద చదవండి. గాలాడక వేడెక్కితే ఎల్‌ఈడీ త్వరగా పోతుంది. స్విచ్ ఆపాక కూడా లైటు మినుకుమినుకుమంటుంటే స్విచ్‌లోని చిన్న ఇండికేటర్ గుండా కొద్దిగా కరెంటు పారుతుండొచ్చు, లేదా స్విచ్‌ను ఫేజ్‌కి బదులు న్యూట్రల్‌కి కలిపి ఉండొచ్చు. మొదటిదైతే ఇండికేటర్ లేని స్విచ్ పెడితే సరి. రెండోదైతే బల్బు మార్చేటప్పుడు హోల్డరులో కరెంటు ఉంటుంది కాబట్టి, అది సరిచేయించే దాకా దాని మీద చెయ్యి వేయకండి.