హోమ్ డయాలసిస్‌కి "24 గంటల సపోర్ట్" అమ్మేవాళ్లతో జాగ్రత్త

ఇంట్లో పెరిటోనియల్ డయాలసిస్ (పీడీ, అంటే కిడ్నీలు పనిచేయనివాళ్లకి పొట్టలోకి ద్రవం ఎక్కించి, దాంతో రక్తంలోని మలినాలు తీసే పద్ధతి) చేసుకుంటున్నవాళ్లు, వాళ్లను చూసుకుంటున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. వార్డు బయట కూర్చుని ఫోన్‌లోనే టైప్ చేస్తున్నాను. కోపం ఇంకా తగ్గలేదు, తగ్గేదాకా ఆగాలనీ లేదు. ఈలోపు ఇంకెవరైనా వాళ్లకి డబ్బు కట్టేస్తారేమోనని భయం.

సంస్థ పేరు రాయడం లేదు. ఎవరి గురించి చెబుతున్నానో మీలో చాలామందికి అర్థమైపోతుంది. హోమ్ డయాలసిస్ అని ఒక్కసారి వెతికితే చాలు, ఆ తర్వాత ఎక్కడ చూసినా వాళ్ల ప్రకటనే. నవ్వుతున్న నర్సు బొమ్మ, కింద "రాత్రైనా పగలైనా మీ పక్కనే" అని. వాళ్లే.

మా సంగతి క్లుప్తంగా చెప్తాను. సెంటర్‌లో మెషీన్‌తో రక్తం శుభ్రం చేసే హీమో డయాలసిస్ అమ్మకి పడలేదు. మెషీన్ మీద ఉండగానే బీపీ పడిపోయేది, సూదులంటే హడలిపోయేది. డాక్టర్ గారే పీడీకి మారుద్దామన్నారు. పొట్టలో గొట్టం వేశారు, హాస్పిటల్ పీడీ యూనిట్‌లో మాకు ట్రైనింగ్ ఇచ్చారు, ఇంటికొచ్చాం. రోజుకి నాలుగు ఎక్స్ఛేంజ్‌లు, అంటే పొట్టలోని పాత నీళ్లు బ్యాగ్‌లోకి వదిలి (అదే డ్రెయిన్), కొత్త బ్యాగ్ నీళ్లు ఎక్కించడం. నేర్పడం బాగానే నేర్పారు గానీ, ఇంటికొచ్చాక పుట్టుకొచ్చే సందేహాలకి అంతుండదు. డ్రెయిన్ సగంలో ఆగిపోతే మలబద్ధకమా, గొట్టం పక్కకి జరిగిందా? కాళ్లు వాచాయి, ఎక్కువ గ్లూకోజ్ ఉన్న బ్యాగ్ వాడొచ్చా? ప్రతిదానికీ యూనిట్‌కి ఫోన్ చేయాలంటే మొహమాటం. ఆ మొహమాటం మీదే వీళ్ల వ్యాపారమంతా. ఏడాది మొత్తానికి ముందే కట్టించుకున్నారు. "ఏ సమస్య వచ్చినా ముందు మాకే ఫోన్ చేయండి, ఎప్పుడు చేసినా నర్సు మాట్లాడుతుంది, అవసరమైతే మీ యూనిట్‌తో మేమే మాట్లాడతాం" అని రాసి మరీ ఇచ్చారు.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి.

చివరి ఎక్స్ఛేంజ్. డ్రెయిన్ అయ్యాక బ్యాగ్‌ని ఎప్పటిలాగే న్యూస్‌పేపర్ మీద పెట్టాను. యూనిట్‌లో సిస్టర్ గారు నేర్పిన పద్ధతి అది. బ్యాగ్ కింద ఉన్న అక్షరాలు చదవగలిగితే నీళ్లు తేటగా ఉన్నట్టు. ఆ రాత్రి ఒక్క అక్షరం కూడా ఆనలేదు. పెద్ద హెడ్డింగ్ ఉన్నచోట నల్లటి మరక మాత్రం కనిపించింది. అమ్మ పొట్ట మీద చెయ్యి పెట్టుకుని "ఎక్కడో పట్టేసినట్టు ఉందే" అంది.

వాళ్లకి ఫోన్ చేశాను. చాలాసేపు మ్యూజిక్ వినిపించాక ఒకతను ఎత్తాడు. నర్సు కాదు. ముందు కస్టమర్ నంబర్ అడిగాడు, తర్వాత ప్లాన్ పేరు అడిగాడు. నేను మాత్రం "నీళ్లు మబ్బుగా వచ్చాయండీ, పొట్టలో నొప్పంటోంది" అని చెప్పిందే చెప్తున్నాను. అతను తాపీగా "ఫైబ్రిన్ అయ్యుంటుంది మేడమ్, అది నార్మలే" అన్నాడు. ఫైబ్రిన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఒక రకం ప్రోటీన్ అది, తెల్లటి దారాల్లా, పీలికల్లా తేలుతుంది, చుట్టూ ఉన్న నీళ్లు తేటగానే ఉంటాయి. ఇది అలా లేదని చెప్పాను. "లైట్ వెలుతురుకి అలా కనిపిస్తుంది మేడమ్" అన్నాడు. నర్సుకి ఇవ్వమన్నాను. "మీ ప్లాన్‌లో నర్సుతో మాట్లాడే సౌకర్యం లేదు, ఇప్పుడే అప్‌గ్రేడ్ చేసుకుంటే కనెక్ట్ చేస్తాను" అన్నాడు. రాసిచ్చిన కాగితం నా చేతిలోనే ఉంది, చదివి వినిపించాను. "అది పాత ప్లాన్ మేడమ్" అన్నాడు.

అక్కడితో ఆగినా ఇంత రాసేదాన్ని కాదేమో. అయితే హాస్పిటల్‌కి తీసుకెళ్లిపోతామని నేను అనగానే అతను అన్న మాట ఇది: "హాస్పిటల్‌కి వెళ్తే వాళ్లు చేసే మొదటి పని గొట్టం తీసేయడం మేడమ్. మళ్లీ అమ్మగారు సెంటర్‌లో సూదులు పొడిపించుకోవాల్సిందే. పొద్దున్నే టికెట్ రెయిజ్ చేస్తాను, అప్పటిదాకా కంగారు పడకండి."

ఫోన్ స్పీకర్‌లో ఉంది. అమ్మ విన్నది. అంతవరకు నొప్పి అన్న మనిషి వెంటనే "నొప్పేం లేదే, పొద్దున చూద్దాంలే" అనేసింది. సూదుల భయంతో నొప్పిని దాచేసింది. ప్లాన్‌లో చేరేటప్పుడు అమ్మ హీమో ఎందుకు మానేసిందో వివరంగా అడిగి ఫారంలో రాసుకున్నారు. అందులో ఉన్న భయాన్నే తీసి ఆవిడ మీద వాడారు. దీన్ని నేను క్షమించలేను. తెలియక తప్పు చెప్తే ఒక రకం. రోగి ఆస్పత్రికి వెళ్లకుండా భయపెట్టడం వేరు.

తమ్ముడు నా చేతిలోంచి ఫోన్ లాక్కుని యూనిట్‌కి చేశాడు. డ్యూటీ సిస్టర్ గారు ప్లాన్ పేరు అడగలేదు. "నీళ్లు మబ్బుగా ఉన్నాయా? జ్వరం, చలి ఉన్నాయా? ఆ బ్యాగ్ పారేయకండి, కట్టి తీసుకుని వెంటనే బయల్దేరండి." అంతే. మొహమాటపడి ఎవరికి ఫోన్ చేయడం మానేశామో వాళ్లే ఒక్క నిమిషంలో చేయాల్సింది చెప్పారు.

పెరిటోనైటిస్. పొట్ట లోపలి పొరకి ఇన్ఫెక్షన్. మైక్రోలీటర్ నీళ్లలో తెల్లకణాలు 100 దాటి, వాటిలో సగానికి పైగా న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే రకం) ఉంటే ఆ జబ్బు కిందే లెక్క. అమ్మ నీళ్లలో ఆ హద్దుకి ఎన్నో రెట్లు ఉన్నాయి. నీళ్లు కల్చర్‌కి (ఏ క్రిమో తేల్చే పరీక్షకి) పంపి, రిపోర్ట్ కోసం ఆగకుండా యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. మందు బ్యాగ్‌లోనే కలిపి పొట్టలోకి ఎక్కిస్తున్నారు. గొట్టం తీయలేదు. చాలామందికి తీయకుండానే తగ్గుతుందని డాక్టర్ గారు చెప్పారు. సరైన మందు పడ్డాక కూడా ఐదు రోజుల్లో నీళ్లు తేటపడకపోతే అప్పుడు తీసే ఆలోచన చేస్తారట. అంటే గొట్టం పోయే ప్రమాదం ఆలస్యం చేస్తేనే ఎక్కువ. అతను చెప్పింది దానికి పూర్తిగా తలకిందులు.

ఇదేదో అరుదైన విషయమనుకోకండి. అంతర్జాతీయ పెరిటోనియల్ డయాలసిస్ సొసైటీ 2022లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. డ్రెయిన్ నీళ్లు మబ్బుగా వస్తే, కాదని తేలేదాకా పెరిటోనైటిస్ అనుకునే వైద్యం చేయాలి. వేరే కారణాలూ ఉంటాయి, కాదనను. కొన్ని బీపీ మందుల వల్ల కూడా నీళ్లు తెల్లగా వస్తాయట. అది తేల్చాల్సింది ల్యాబ్. ఫోన్‌లో ప్లాన్లు అమ్మే మనిషికి ఆ పనేంటి?

వార్డులో కూర్చుని ఆ సపోర్ట్ సంస్థ ఇచ్చిన హ్యాండ్‌బుక్ మళ్లీ తిరగేశాను. రంగు రంగుల పేజీలు. బ్యాగ్‌ని వేడినీళ్లలో ముంచి వేడి చేయమని ఉంది. యూనిట్‌లో మాకు గట్టిగా వద్దని చెప్పింది అదే. ఆ తడితో పోర్ట్ దగ్గరికి క్రిములు చేరే ప్రమాదం ఉంది, వార్మర్ మీదే పెట్టాలి. కాళ్లు వాస్తే 4.25 శాతం బ్యాగ్ (ఎక్కువ గ్లూకోజ్ ఉన్నది) వాడమని డాక్టర్ ఊసే లేకుండా రాశారు. దానివల్ల ఒంట్లో నీరు అతిగా లాగేసి బీపీ పడిపోవచ్చు, షుగర్ ఉన్నవాళ్లకి అది ఇంకా పెరగొచ్చు. అన్నిటికంటే ఘోరం ఐకోడెక్స్‌ట్రిన్ (గ్లూకోజ్ బదులు వాడే ఒక రకం పీడీ ద్రవం) పేజీ. అది వాడేవాళ్లకి కొన్ని రకాల గ్లూకోమీటర్ స్ట్రిప్స్‌లో షుగర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. జీడీహెచ్-పీక్యూక్యూ అనే రకం స్ట్రిప్స్ అవి. ఆ అంకె నమ్మి ఇన్సులిన్ ఎక్కువ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఆ పేజీలో దాని గురించి ఒక్క ముక్క లేదు. అమ్మకి షుగర్ ఉందని వాళ్లకి తెలుసు.

మరుసటి రోజు పొద్దున, అమ్మకి మందు ఎక్కుతుండగా వాళ్ల దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "మీ సమస్య పరిష్కరించబడింది. మా సేవకి రేటింగ్ ఇవ్వండి." ఏ నర్సూ ఫోన్ చేయలేదు. అమ్మ ఎలా ఉందని అడిగినవాళ్లు లేరు. డబ్బు వెనక్కి ఇవ్వమని రాస్తే, ఆ కాల్‌లో "కస్టమర్ సంతృప్తి చెందారు" అని నమోదైంది కాబట్టి కుదరదన్నారు. కాల్ రికార్డింగ్ ఇవ్వమన్నాను. ఇంకా జవాబు లేదు. ఫిర్యాదు మాత్రం పెడుతున్నాను, వదలను.

లోపలికి పిలుస్తున్నారు, రెండు మాటలు చెప్పి ముగిస్తాను. మీ పీడీ యూనిట్ నంబర్, రాత్రిపూట పనిచేసేది, బ్యాగులు పెట్టే చోట గోడ మీద రాసి పెట్టండి. నీళ్లు మబ్బుగా ఉన్నా, పొట్ట నొప్పి ఉన్నా, జ్వరం వచ్చినా, గొట్టం చుట్టూ ఎర్రబడినా, చీము కనిపించినా మొదటి ఫోన్ అక్కడికే చేయండి. మొహమాటం వద్దు, వాళ్లు ఉన్నదే అందుకు. చదివి తెలుసుకోవాలంటే హోమ్ డయాలసిస్ సెంట్రల్ అనే సైట్ ఉంది, ఇంగ్లిష్‌లో ఉన్నా అర్థమయ్యేలా రాస్తారు. అందులో చదివింది కూడా మీ నర్సుని అడిగాకే పాటించండి.

ఇక ఇలాంటి సపోర్ట్ ప్లాన్ ఎవరైనా అమ్మజూపితే, డబ్బు కట్టకముందు ఒక అర్ధరాత్రి వాళ్ల నంబర్‌కి ఫోన్ చేసి "డ్రెయిన్ బ్యాగ్ మబ్బుగా వస్తే ఏం చేయాలి?" అని అడగండి. "బ్యాగ్ తీసుకుని వెంటనే మీ యూనిట్‌కి వెళ్లండి" తప్ప ఇంకే జవాబు వచ్చినా ఫోన్ పెట్టేయండి.