ఫోటోడయోడా, కెమెరానా?

విజయవాడ ఆటోనగర్‌లో లేజర్ వెల్డింగ్ మిషన్ పెట్టిన మా బావకి ఒకటే దిగులు: లేజర్ కిరణం (బీమ్) రెండు రేకులు కలిసే జాయింట్ మీంచి పక్కకి జరిగితే తెలిసేదెలా?

ఫోటోడయోడ్ అంటే వెలుగుని కరెంటు సిగ్నల్‌గా మార్చే చిన్న సెన్సర్; చవక, చురుకు. సెకనుకు వేల సార్లు వెలుగు కొలుస్తుంది. ఫైబర్ లేజర్ (సన్నని గాజు తీగలో పుట్టే లేజర్) కాంతి తరంగదైర్ఘ్యం సాధారణంగా 1070 నానోమీటర్ల దగ్గర ఉంటుంది కాబట్టి, తగిన ఫిల్టర్లు పెడితే తిరిగొచ్చే లేజర్ కాంతి వేరుగా, లోహపు ఆవిరి మెరుపు వేరుగా దొరుకుతాయి. బీమ్ సందులోకి జారితే సిగ్నల్ మారుతుంది. కానీ రేకు మీద నూనె మరక తగిలినా ఎగిరిపడుతుంది (లేత్ పక్కనే పెట్టాడు, నూనెకి కరువా!). ఎడమకో కుడికో మాత్రం చెప్పదు.

బీమ్ దారిలోంచే చూసే కెమెరాలో జాయింట్ గీత, కరిగిన మడుగు రెండూ కనిపిస్తాయి. ఎటు ఎంత జరిగిందో కొలవొచ్చు. ఖరీదెక్కువ, కాస్త నిదానం.

"రోజుకో రకం ముక్క వచ్చే షాపు నీది బావా, కెమెరాయే కొను" అన్నాను. ఒకే ముక్క వేలల్లో చేసేవాళ్లకి డయోడ్ చాలు.