తాబేలు రక్తం చేతిలో ఉంది: ముందు ఏ పరీక్ష?

సముద్ర తాబేళ్ల రోగనిరోధక కణాల మీద పని మొదలుపెట్టే విద్యార్థులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. వారి మనసులో ఉండేవి రెండు పరీక్షలు. భక్షక కణాలు మెరిసే పూసలనో బ్యాక్టీరియానో ఎంత చురుగ్గా మింగుతున్నాయో, కణాలను ఒక్కొక్కటిగా లేజర్ కాంతిలో చూసి లెక్కించే ఫ్లో సైటోమీటర్‌లో చూసే ఫాగోసైటోసిస్ ఒకటి. కాంకనావలిన్-ఎ వంటి ప్రేరకం తగిలినప్పుడు, వైరస్‌లనూ కణితులనూ ఎదుర్కొనే తెల్లకణాలైన లింఫోసైట్లు ఎంతగా విభజన చెందుతాయో కొలిచేది రెండోది.

రక్తం తీసిన తీరం నుంచి ల్యాబుకు ఎన్ని గంటలు పడుతుందని నేను ముందు అడుగుతాను. కణాలు తీసేసిన రక్తద్రవాన్ని, అంటే ప్లాస్మాను, ఫ్రీజర్‌లో పెట్టి నెలల తరబడి దాచుకోవచ్చు. సూక్ష్మజీవులను మింగే తెల్లకణమైన హెటిరోఫిల్ అంతసేపు ఆగదు. అది బతికుండగానే దాని పని చూడాలి. ఉన్న కాస్త సమయాన్నీ కణాలను వేరుచేయడమే మింగేస్తుంది. తాబేలు ఎర్రకణాలకు కేంద్రకం ఉంటుంది కాబట్టి, మనిషి రక్తానికి చేసినట్టు వాటిని పగలగొడితే కేంద్రకాలు మిగిలిపోయి అడ్డుపడతాయి. సాంద్రతను బట్టి వేరుచేస్తే లింఫోసైట్ల వెంట, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే థ్రాంబోసైట్లూ వచ్చేస్తాయి. చూపుకు ఆ రెండూ ఎంత దగ్గరగా ఉంటాయంటే అనుభవం ఉన్న కళ్లూ పొరబడతాయి.

అందుకే నా మొగ్గు ఫాగోసైటోసిస్ వైపు. కణాలు వేరయ్యాక కొద్ది గంటల్లోనే ఫలితం చేతికొస్తుంది. విభజన పరీక్షకు రోజులు కావాలి. అన్ని రోజులూ కణాలను సూక్ష్మజీవులు సోకకుండా కాపాడాలి, సరైన వేడిలో ఉంచాలి. చాలా సముద్ర తాబేళ్ల ఒంటి వేడి చుట్టూ ఉన్న నీటిని బట్టి మారుతుంది. ఇంక్యుబేటర్‌ను అలవాటుగా 37 డిగ్రీల దగ్గర వదిలేస్తే, ఆ తాబేలు ఒంట్లో ఎన్నడూ లేని స్థితిని కొలిచినట్టే. ఈ పొరపాటు రెండు పరీక్షలనూ దెబ్బతీస్తుంది, కానీ విభజన పరీక్షలో అది రోజురోజుకూ పేరుకుపోతుంది. ఫాగోసైటోసిస్‌లోనూ ఒక జాగ్రత్త తప్పదు: థ్రాంబోసైట్లు కూడా పూసలను మింగగలవు, వాటిని విడిగా లెక్కించాలి.

మీ ప్రశ్న వైరస్ గురించో కణితుల గురించో అయితే మాత్రం నా మాట పక్కన పెట్టి, కష్టమైనా విభజన పరీక్షే చేయండి. హవాయిలో ఫైబ్రోపాపిల్లోమా కణితులున్న పచ్చ తాబేళ్ల మీద 2001లో వెలువడిన అధ్యయనంలో, వ్యాధి ముదిరిన వాటి లింఫోసైట్ల స్పందన తగ్గినట్టు తేలింది. ఆ సంగతి పూసలు చెప్పలేవు.

ఇక మిగతా పరీక్షల సంగతి. బ్యాక్టీరియాను చంపే ఎంజైమ్‌ను కొలిచే లైసోజైమ్ పరీక్ష సులువే, కానీ అది కొలిచేది ప్లాస్మాను, కణాన్ని కాదు. గాజు పలక మీద తెల్లకణాల లెక్క ఎలాగూ చేయాల్సిందే. అయితే 20 గ్రాముల పిల్ల తాబేలు నుంచి క్షేమంగా తీయగలిగేది సుమారు 0.1 మిల్లీలీటరు. అక్కడ పై రెండు పరీక్షల మాటా మరిచి, ఆ పలకనే శ్రద్ధగా చదవండి.